నోబెల్ వచ్చిన మాట నిజమే, అమ్మ మాత్ర మాత్రం ఆపొద్దు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మకి 53 ఏళ్లు. నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది. ప్రతి ఆదివారం మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది, మిగతా రోజుల్లో డాక్టర్ చెప్పినట్టు ఫోలిక్ యాసిడ్. వేళ్ల వాపు చాలావరకు తగ్గింది కానీ సోమవారమంతా వికారంగా ఉంటుంది, జుట్టు కూడా ఊడుతోంది. విజయవాడలో ఉండే మా బాబాయి ఈ మధ్య ఒక సెంటర్ వాళ్ల మీటింగ్‌కి వెళ్లొచ్చారు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అని ఒకటి ఉందట, దానికి 2024లో నోబెల్ ఇచ్చారట. రక్తపరీక్ష చేసి ఏది తక్కువుందో చూసి దానికి తగ్గ క్యాప్సూల్స్, ఎక్సోజోమ్ ఇంజెక్షన్లు ఇస్తారట, ఆరు నెలల్లో ఇమ్యూనిటీ మొత్తం రీసెట్ అవుతుందట. మెథోట్రెక్సేట్ ఇమ్యూనిటీని చంపేస్తుంది కాబట్టి ముందు అది ఆపేయమన్నారట. అమ్మ బాగా ఆశపడుతోంది, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇదంతా నిజమేనా? టెస్టు చేయించాలా? ఇంకో మాట, రేపు నాకు కూడా ఈ జబ్బు వస్తుందేమో ఈ టెస్టులో తెలుస్తుందా?

సమాధానం:

ముందు చేయాల్సింది చెప్పేస్తాను, ఎందుకో తర్వాత తీరిగ్గా చెప్తాను. వచ్చే ఆదివారం అమ్మగారి మెథోట్రెక్సేట్ మాననివ్వకండి. ఈపాటికే ఒక వారం మానేసి ఉంటే, పోయినదానికీ కలిపి రెండు వారాలది ఒకేసారి వేయకండి, మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి ఎప్పటినుంచి ఎంత వేసుకోవాలో అడగండి. ఆ రక్తపరీక్షకి డబ్బు కట్టకండి. ఎక్సోజోమ్ ఇంజెక్షన్ అయితే ఎవరు ఎంత నచ్చజెప్పినా వద్దే వద్దు.

ఇక బాబాయిగారి సంగతి. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయన విన్నదాంట్లో సగం అక్షరాలా నిజం, ఆ సగం నిజం ఉండబట్టే మిగతా సగం కూడా నమ్మబుద్ధేస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి. ఇమ్యూనిటీని అవి అదుపు చేస్తాయి, ఇదీ నిజమే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో వాటిలో కొన్నిటి మోతాదు మారుతుంది, ఇదీ నిజమే. అక్కడినుంచి 'కాబట్టి మా టెస్టు చేయించుకోండి, మా క్యాప్సూల్ వేసుకోండి' దాకా ఒక్క గంతు వేశారు చూడండి, తేడా అంతా అక్కడే ఉంది. ఆ మధ్యలో ఏముందో మీకు తెలిస్తే అమ్మగారికి మీరే నెమ్మదిగా చెప్పుకోగలరు, అందుకే కాస్త పొడుగైనా మొదటినుంచీ చెప్తున్నాను.

2024 అక్టోబర్‌లో వైద్యశాస్త్ర నోబెల్ విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలకి వచ్చింది, మైక్రో ఆర్‌ఎన్‌ఏని కనిపెట్టినందుకే. కానీ వాళ్లు దాన్ని చూసింది రోగుల్లో కాదు, సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగులో. ఆ పురుగు పెరిగే క్రమంలో ఏ దశలో ఏ కణాలు తయారవ్వాలో తేల్చే జన్యువుల్లో లిన్-4 ఒకటి. అది ప్రోటీన్ ఏదీ తయారు చేయట్లేదు, 22 అక్షరాల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులో ఒక్కో లంకెని అక్షరం అంటారు) చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కని మాత్రం తయారు చేస్తోంది, ఆ ముక్క వెళ్లి లిన్-14 అనే ఇంకో జన్యువు పనిని తగ్గిస్తోంది. ఇది 1993 నాటి మాట. ఆ తర్వాత ఏడేళ్లు దీన్ని ఆ పురుగుకే పరిమితమైన వింతగా చూశారు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2000లో రవ్‌కన్ బృందానికి లెట్-7 అనే ఇంకొకటి దొరికింది, తీరా చూస్తే అది ఈగలో, చేపలో, మనిషిలో కూడా ఉంది. ఇక అప్పట్నుంచి ప్రపంచమంతా వెతుకులాట మొదలైంది. కాబట్టి నోబెల్ ఇచ్చింది జన్యువుల పని ఎలా అదుపులో ఉంటుందో చెప్పే ఒక మూలసూత్రానికి. కీళ్లవాతానికి పరీక్షో మందో కనిపెట్టినందుకు ఇచ్చింది కాదు, మైక్రో ఆర్‌ఎన్‌ఏతో చేసే అలాంటి పరీక్షా మందూ ఇంకా రాలేదు.

అసలు అదేం చేస్తుందో చూద్దాం. కణంలో డీఎన్‌ఏలోని సమాచారం మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏగా కాపీ అవుతుంది, ఆ కాపీని చదువుకుంటూ ప్రోటీన్ తయారవుతుంది. ఇంటర్ బైపీసీ వాళ్లకి తెలిసిన సంగతే, మిగతావాళ్లకి ఈ ఒక్క వాక్యం చాలు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఈ కాపీ మీద పనిచేస్తుంది. మొదట పొడుగ్గా, మధ్యకి మడతపడిన ఆర్‌ఎన్‌ఏగా పుడుతుంది. కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైము ఒకసారి, బయటికొచ్చాక డైసర్ అనే ఎంజైము ఇంకోసారి కత్తిరిస్తే సుమారు 22 అక్షరాల ముక్క మిగులుతుంది. దాన్ని ఆర్గొనాట్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. ముక్కలో 2 నుంచి 8 దాకా ఉన్న ఏడు అక్షరాలకి ఏ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలో జత దొరికితే దాని మీద అతుక్కుంటుంది, దాంతో ఆ కాపీ నుంచి ప్రోటీన్ రావడం తగ్గుతుంది, తర్వాత ఆ కాపీ కూడా శిథిలమైపోతుంది.

ఇక్కడ 'తగ్గుతుంది' అన్నానే గానీ 'ఆగిపోతుంది' అనలేదు. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ వల్ల చాలా ప్రోటీన్లు సగానికి కూడా పడిపోవు, కొద్దిగా తగ్గుతాయంతే. పైగా ఏడే అక్షరాల జత కాబట్టి ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏకి వందల జన్యువులు తగులుతాయి, ఒక్కో జన్యువు మీదా రకరకాల మైక్రో ఆర్‌ఎన్‌ఏలు వచ్చి కూర్చుంటాయి. మనిషి జన్యువుల్లో ఇలాంటివి వెయ్యికి పైగా రకాలున్నాయి. ప్రకాశం బ్యారేజీ మీద గేట్ల దగ్గర సిబ్బంది చేసే పని లాంటిది ఇది. పైనుంచి ఎంత వస్తోందో చూసుకుంటూ ఏ గేటు ఎన్ని అడుగులు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అని క్షణక్షణం సర్దుకోవడమే వాళ్ల పని. నీటిమట్టం పడిపోతే డెల్టా కాలువలకి నీళ్లెక్కవు, ఒక్కసారిగా వదిలేస్తే దిగువన లంకలు మునుగుతాయి. 'మీ గేట్ల శక్తి పెంచుతాం' అని ఎవరైనా వస్తే ఏ గేటు, ఎటువైపు, ఎంత అని అడుగుతాం కదా. ఇమ్యూనిటీ పెంచుతాం, రీసెట్ చేస్తాం అనేవాళ్లని కూడా అదే అడగాలి.

ఇమ్యూనిటీలో ఈ సర్దుబాటు ఎలా జరుగుతుందో ఒక్క కణాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. అమ్మగారు వంకాయలు కోస్తుంటే ముచ్చిక ముల్లు వేల్లో గుచ్చుకుందనుకోండి, దాంతోపాటు కాసిని బ్యాక్టీరియా లోపలికెళ్లాయి. చర్మం కింద మాక్రోఫేజ్ అనే కణాలు కాపలా ఉంటాయి. వాటి పైపొర మీద టీఎల్ఆర్-4 అనే గ్రాహకం ఉంటుంది, కొన్ని రకాల బ్యాక్టీరియా గోడలో ఉండే ఎల్‌పీఎస్ అనే పదార్థం దానికి తగిలిందంటే చాలు, లోపల ఐరాక్-1, ట్రాఫ్-6 అనే ప్రోటీన్లు ఒకదానికొకటి కబురు అందించుకుంటాయి. చివరికి ఎన్ఎఫ్-కప్పా-బీ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి టీఎన్ఎఫ్, ఐఎల్-6, ఐఎల్-1 లాంటి జన్యువుల్ని లేపుతుంది. వాటినుంచి తయారైన ప్రోటీన్లు విడుదలవుతాయి, రక్తనాళాలు వెడల్పవుతాయి, తెల్లకణాలు పరుగెత్తుకొస్తాయి, వేలు ఎర్రబడి వాచి సలుపుతుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటాం, ఇకమీదట 'మంట' అంటాను. ఇది జబ్బు కాదు, ఇది లేకపోతే మనం బతకం.

ఇక్కడే నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. మంట రాజేసిన అదే ఎన్ఎఫ్-కప్పా-బీ, అదే సమయంలో మిర్-146ఏ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువుని కూడా లేపుతుంది. ఆ మిర్-146ఏ వెళ్లి కూర్చునేది ఎక్కడ? ఇందాక కబురు మోసిన ఐరాక్-1, ట్రాఫ్-6ల కాపీల మీద. అంటే ఆ ప్రోటీన్లు కొత్తగా తయారవడం తగ్గి కబురు నెమ్మదిస్తుంది, మంట దానంతట అది చల్లారడానికి కావాల్సింది మంటతోపాటే పుడుతుంది. 2006లో అమెరికాలోని కాల్‌టెక్‌లో డేవిడ్ బాల్టిమోర్ ల్యాబ్ వాళ్లు మనిషి తెల్లకణాలకి ఎల్‌పీఎస్ తగిలించి ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పెరుగుతున్నాయో చూస్తే మిర్-146, మిర్-155, మిర్-132 పైకి లేచాయి. వీటిలో మిర్-155 చేసేది దాదాపు ఎదురు పని. అది సాక్స్-1, షిప్-1 అనే ప్రోటీన్లని తగ్గిస్తుంది. ఆ రెండూ రోగనిరోధక కణాలకి పగ్గాలు, పగ్గాలు వదులైతే కణం ఇంకా ఉరకలేస్తుంది. ఒకే కణంలో ఒకే కబురుకి స్పందించి ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది, ఈ రెండింటి మధ్య తూకం బట్టే వేలి వాపు నాలుగు రోజుల్లో దిగిపోతుంది.

మరి వీటిలో ఏదైనా లేకపోతే? ఎలుకల్లో చేసి చూశారు. మిర్-155 జన్యువు తీసేసిన ఎలుకలు 2007లో వచ్చాయి, వాటికి సాల్మొనెల్లా టీకా వేసినా రక్షణ రాలేదు, ఇమ్యూనిటీ చతికిలపడింది. పోనీ అదే మిర్-155ని బీ కణాల్లో (యాంటీబాడీలు తయారుచేసే తెల్లకణాల్లో) మరీ ఎక్కువ తయారయ్యేలా చేస్తే ఆ ఎలుకలకి రక్తకణాల క్యాన్సర్ వచ్చింది. మిర్-146ఏ తీసేసిన ఎలుకలైతే కొంచెం ఎల్‌పీఎస్‌కే అతిగా స్పందించాయి, వయసు పెరిగేకొద్దీ వాటి ప్లీహం ఉబ్బిపోయింది, సొంత శరీరం మీదే దాడి మొదలై ముందుగానే చచ్చిపోయాయి. ఇప్పుడు చెప్పండి, 'ఏది తక్కువుందో చూసి పెంచుతాం' అన్న మాట ఎంత తేలిగ్గా అనేశారో. పెంచినా ముప్పే, తగ్గించినా ముప్పే, ఏ కణంలో ఎంతసేపు అన్నదే అసలు ప్రశ్న.

అమ్మగారి జబ్బులో ఏం జరుగుతుందంటే, ముల్లు లేకుండానే, బ్యాక్టీరియా లేకుండానే కీళ్ల లోపలి పొరలో ఈ మంట ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. రోగుల కీళ్లపొర కణాల్లో మిర్-155 ఎక్కువగా ఉంటుందని చాలా పరిశోధనల్లో తేలింది. మిర్-155 లేని ఎలుకలకి ఆర్థరైటిస్ తెప్పించాలని చూస్తే రాలేదని కూడా 2011లో చూశారు. అంటే ఆ దారిలో ముందుముందు మందు దొరకొచ్చన్న ఆశకి ఆధారం ఉంది, దాన్ని నేను కాదనను. కానీ ఇంకో ఫలితం చూడండి. 2008లో రుమటాయిడ్ రోగుల రక్తకణాలు పరీక్షిస్తే మిర్-155తో పాటు మిర్-146ఏ కూడా ఎక్కువే ఉంది. మంట తగ్గించేది ఎక్కువుంటే మంట తగ్గాలి కదా? ఐరాక్-1, ట్రాఫ్-6 చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఎంతున్నాయో రోగుల్లోనూ అంతే ఉన్నాయి. మిర్-146ఏ పెరిగింది గానీ, అది తగ్గించాల్సినవి తగ్గలేదు. ఆ సెంటర్ వాళ్ల టెస్టులో అమ్మగారికి మిర్-146ఏ ఎక్కువని వచ్చిందనుకుందాం, దానర్థం మంచా చెడా? ఆ ఒక్క అంకె చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

టెస్టు గురించి ఇంకొంచెం. రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలని కొలవొచ్చు, పరిశోధన ల్యాబుల్లో రోజూ కొలుస్తారు. కాకపోతే అది చాలా సున్నితమైన పని. సూది సరిగ్గా దిగక రక్తం లాగడం కష్టమైనా, శాంపిల్‌ని ఎండలో బండి మీద పెట్టుకుని తీసుకెళ్లడంలో ఆలస్యమైనా ఎర్రకణాలు పగులుతాయి. వాటి నిండా మిర్-451, మిర్-16 ఉంటాయి, అవన్నీ ప్లాస్మాలోకి (రక్తంలోని ద్రవంలోకి) వచ్చేస్తాయి. ప్లేట్‌లెట్లు మిగిలిపోయినా అంకెలు మారిపోతాయి. ఒక జలుబు చేసినా, ఒక ఇన్‌ఫెక్షన్ ఉన్నా కొన్ని పెరుగుతాయి. షుగర్‌కి, థైరాయిడ్‌కి ఉన్నట్టు 'ఇంత ఉంటే నార్మల్' అని డాక్టర్లందరూ ఒప్పుకున్న అంకెలు దీనికి లేవు. మీ చేతికి రంగురంగుల రిపోర్టు వస్తుంది, కొన్ని పైకి బాణాలు, కొన్ని కిందికి బాణాలు. ఆ బాణాలు చూసి మీ రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టర్) ఒక్క మందు కూడా మార్చరు, మార్చకూడదు కూడా. ఏ టెస్టుకైనా డబ్బు కట్టేముందు ఈ ఒక్కటి అడగండి: రిపోర్టు ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు? రెండింటికీ అదే క్యాప్సూల్ అంటే ఇక టెస్టు దేనికి?

అమ్మగారి జబ్బు ఎంత అదుపులో ఉందో చెప్పేవి వేరే ఉన్నాయి. శరీరంలో మంట ఎంతుందో చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ మన వీధి చివర ల్యాబులో కూడా చేస్తారు. డాక్టర్ 28 కీళ్లని ఒక్కొక్కటీ నొక్కి ఏది వాచింది, ఏది నొప్పి అని లెక్క రాస్తారు, దానికి ఏ మెషీనూ అక్కర్లేదు. పొద్దున లేచాక వేళ్లు బిగుసుకుపోయి ఎంతసేపటికి వదులవుతున్నాయో అమ్మగారు చెప్పడం కూడా ముఖ్యమే. కాఫీ గ్లాసు పట్టుకోగలుగుతున్నారా, జాకెట్ హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా, గుమ్మం ముందు ముగ్గు వేయగలుగుతున్నారా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. డాక్టర్‌కి ఆ బాణాల రిపోర్టు కన్నా ఈ కాగితమే పనికొస్తుంది.

ఇక క్యాప్సూల్. మైక్రో ఆర్‌ఎన్‌ఏని మింగితే కీళ్ల దాకా వెళ్తుందా? మనం తినే ప్రతి మెతుకులోనూ, ప్రతి ఆకులోనూ ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. కడుపులో ఆమ్లం, పేగుల్లో ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు, వీటన్నిటినీ దాటుకుని రక్తంలోకి వెళ్లాలి, అక్కడా అలాంటి ఎంజైములే ఉంటాయి, తర్వాత సరైన కణంలోకి పోవాలి, అదీ సరిపడా మోతాదులో. 2012లో చైనా శాస్త్రవేత్తలు ఒక పెద్ద మాట అన్నారు, అన్నం తిన్నవాళ్ల రక్తంలో వరి మొక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ కనిపించిందని, అది కాలేయంలో పనికూడా చేస్తోందని. సంచలనమైంది. తర్వాత వేరే బృందాలు జంతువులకి అలాంటి తిండి పెట్టి వెతికితే దాదాపు ఏమీ దొరకలేదు, దొరికిన కొంచెం కూడా పనిచేసేంత లేదు. మూడు పూటలా అన్నం తినే మనకే వరి ఆర్‌ఎన్‌ఏ రక్తంలోకి చేరుతున్నట్టు గట్టి రుజువు లేనప్పుడు క్యాప్సూల్‌లో చిటికెడు పొడి ఏం చేస్తుంది? ఆ పొడిలో నిజంగా ఏముందన్నది వేరే భయం. మన దగ్గర కీళ్లనొప్పుల పొడుల్లో, మాత్రల్లో చెప్పకుండా స్టెరాయిడ్ కలపడం కొత్తేం కాదు. వేసుకున్న మూడో రోజుకే నొప్పులన్నీ మాయమయ్యాయంటే సంతోషించకండి, ముందు దాన్నే అనుమానించండి. అలాంటిది ఇప్పటికే కొన్నాళ్లుగా వాడుతుంటే మటుకు ఠక్కున ఆపేయకుండా ఆ డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరికెళ్లండి, ఎందుకంటే స్టెరాయిడ్‌ని ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం.

ఇంజెక్షన్ గురించి మొదట్లోనే అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, బయటినుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏని చూస్తే మన శరీరం వైరస్ వచ్చిందనుకుంటుంది. టీఎల్ఆర్-7, టీఎల్ఆర్-8 అనే గ్రాహకాలు ఉన్నదే దానికోసం. ఎంఆర్ఎక్స్-34 అని ఒక మందుండేది, క్యాన్సర్ కోసం మిర్-34ఏని కొవ్వు బుడగల్లో పెట్టి తయారుచేశారు. పెద్ద ఆసుపత్రుల్లో, పకడ్బందీగా, ప్రతి రోగినీ కనిపెట్టుకుని చూస్తూ ట్రయల్ చేశారు. అయినా రోగనిరోధక వ్యవస్థ విరుచుకుపడి నలుగురు రోగులు చనిపోయారు, 2016లో ట్రయల్ ఆపేశారు. అంత జాగ్రత్తలోనే అలా అయితే, పైన అంతస్తులో ఒక గది అద్దెకి తీసుకుని ఎక్కడ తయారైందో తెలియని సీసాలోంచి అమ్మగారికి ఎక్కిస్తామంటే ఎలా ఒప్పుకుంటాం? ఎక్సోజోములంటే కణాలు వదిలే అతి చిన్న సంచులు, వాటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయన్నది నిజమే. కానీ వాటిని మందుగా ఆమోదించలేదని, వాడినవాళ్లకి తీవ్రమైన ఇబ్బందులొచ్చాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబర్‌లోనే జనాన్ని హెచ్చరించింది. పైగా ఇప్పటికే సొంత కీళ్ల మీద దాడి చేస్తున్న ఇమ్యూనిటీ అమ్మగారిది, దాన్ని ఇంకా రెచ్చగొట్టే పని ఏదీ చేయకూడదు.

అలాగని ఈ దారంతా మోసమని అమ్మగారికి చెప్పకండి, అది కూడా అబద్ధమే అవుతుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలతో నిజమైన మందులు వచ్చాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏకి దగ్గరి చుట్టం లాంటి ఎస్ఐ-ఆర్‌ఎన్‌ఏతో చేసిన మొదటి మందు పాటిసిరాన్‌ని 2018లో ఆమోదించారు, కొలెస్టరాల్‌కి ఏడాదికి రెండుసార్లు వేసే ఇన్‌క్లిసిరాన్ కూడా ఆ కోవదే. ఈ రెండూ పనిచేసేది కాలేయంలో, ఎందుకంటే ఇంజెక్షన్ చేసిన ఆర్‌ఎన్‌ఏని అక్కడికి చేర్చడం తేలిక. కీళ్లపొరలోకి చేర్చడం ఇంకా చేతకాలేదు. మిర్-155ని అడ్డుకునే కోబోమార్సెన్ అనే మందు ఒకరకం లింఫోమాలో (తెల్లకణాల క్యాన్సర్‌లో) రెండో దశ ట్రయల్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఇప్పుడు ఆశగా చూస్తున్నది ఒబెఫాజిమాడ్ అనే మాత్ర. అందులో ఆర్‌ఎన్‌ఏ ఉండదు, మామూలు రసాయన మందే, కానీ అది మన కణాల్లో మంట తగ్గించే మిర్-124 పెరిగేలా చేస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగుల జబ్బులో దాని మూడో దశ ట్రయల్స్ తొలి ఫలితాలు 2025లో వచ్చాయి, బాగున్నాయి. అది కీళ్లవాతం మందు కాదు, రేపు అవుతుందో లేదో ట్రయల్స్ చేసి చూడాల్సిందే. ఆ రోజు వస్తే మీకు ఆ మందు పేరు చెప్పేది మీటింగ్ పెట్టినవాళ్లు కాదు, మీ రుమటాలజిస్టు.

ఇప్పుడు మెథోట్రెక్సేట్. ఇమ్యూనిటీని చంపేస్తుందన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, క్యాన్సర్‌కి ఇదే మందు చాలా పెద్ద మోతాదులో ఇస్తారు. అమ్మగారు వేసుకునేది వారానికొకసారి, కొద్ది మిల్లీగ్రాములు. అది పగ్గాలు బిగిస్తుంది. ఇన్‌ఫెక్షన్ల విషయంలో కొంత జాగ్రత్త అవసరమే, దానికే మధ్యమధ్యలో సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్, క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షలు చేయిస్తారు, అవి మాత్రం ఎగ్గొట్టకండి. మందు ఆపేస్తే మొదటి రెండు మూడు వారాలు ఏమీ తెలియకపోవచ్చు, వికారం కూడా పోతుంది కాబట్టి 'చూశావా, హాయిగా ఉంది' అనిపిస్తుంది. ఆ తర్వాత మంట మళ్లీ రాజుకుంటుంది, ఈలోపు అరిగిన ఎముక మళ్లీ రాదు. నాలుగేళ్లుగా అమ్మగారి వేళ్లు వంకర పోకుండా కాపాడుకొచ్చింది ఈ మాత్రే.

వికారం, జుట్టు ఊడటం చిన్న విషయాలని నేను అనను. ప్రతి సోమవారం అలా ఉంటే ఎవరికైనా విసుగొస్తుంది, నిజానికి అమ్మగారు ఆ సెంటర్ వైపు చూసింది ఈ బాధ పడలేకే అనిపిస్తోంది. దీనికి దారులున్నాయి. రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే కొందరికి నిద్రలో గడిచిపోతుంది. ఫోలిక్ యాసిడ్ మోతాదు పెంచొచ్చు. మాత్ర బదులు వారానికొకసారి చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తే చాలామందికి వికారం తగ్గుతుంది. ఏదీ కుదరకపోతే మందే మార్చొచ్చు, లెఫ్లునోమైడ్, సల్ఫాసలజీన్ ఉన్నాయి, టోఫాసిటినిబ్ ఉంది, టీఎన్ఎఫ్‌ని నేరుగా అడ్డుకునే ఇంజెక్షన్లున్నాయి (ఇవి మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు). ఇవన్నీ డాక్టర్ తేల్చాల్సినవి, మీరు అడగడం మాత్రం మీ పని. మాత్ర వేసుకుంటున్నారు కదా, అంతా బాగానే ఉందనుకుని డాక్టర్ కూడా అడగకపోవచ్చు.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. ఇది వారం మాత్ర, రోజూ మాత్ర కాదు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. అమ్మగారి మందుల డబ్బాలో దీన్ని విడిగా పెట్టి మీద 'ఆదివారం' అని రాయండి. నోట్లో పుళ్లు, జ్వరం, పొడి దగ్గుతో ఆయాసం వస్తే ఆ వారం డోసు వేసేముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఇంకే జబ్బుకి ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా, ఆఖరికి మందుల షాపులో అడిగి తెచ్చుకునేటప్పుడు కూడా, మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పమనండి. సెప్ట్రాన్ లాంటి యాంటీబయాటిక్ దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

బాబాయిగారితో ఫోన్‌లో వాదన పెట్టుకోకండి. ఆయన వదినగారి బాధ చూడలేక చెప్పిన మాట అది. ఈసారి చెకప్‌కి, అది గుంటూరు కొత్తపేటలో అయినా విజయవాడ సూర్యారావుపేటలో అయినా సరే, ఆయన్ని కూడా రమ్మనండి. ఆ సెంటర్ వాళ్లిచ్చిన కాగితం తీసుకొచ్చి డాక్టర్ ముందు పెట్టమనండి. ఆయన అడిగితే ఆయనకే సమాధానం దొరుకుతుంది, మీ మాట కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసి ఉంటే రసీదు దగ్గర పెట్టుకుని రాతపూర్వకంగా వెనక్కి అడగండి, డబ్బు పోయిందన్న బాధతో మాత్రం ఆ కోర్సు మొదలుపెట్టించకండి.

చివరగా మీ సంగతి. అమ్మకి ఉంటే కూతురికి వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా కొన్ని రెట్లు ఎక్కువ, నిజమే. కానీ అసలు ఈ జబ్బు వచ్చేదే నూటికి ఒకరికి, అంతకన్నా తక్కువ కూడా. కాబట్టి కొన్ని రెట్లు పెరిగినా, అమ్మకి ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువమందికి రాదు. ముందుగా చెప్పేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏ టెస్టు ఏదీ లేదు. పొగ తాగడం ఈ జబ్బు ముప్పుని పెంచుతుందని గట్టిగా తేలింది, ఇంట్లో ఎవరికైనా ఆ అలవాటుంటే మాన్పించండి. చేతివేళ్లు అరచేతిని కలిసే కణుపుల దగ్గరో మణికట్టు దగ్గరో వాపు, పొద్దున లేవగానే అరగంట గంట దాకా వదలని బిగుతు, ఇవి ఆరు వారాలు దాటినా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టుని కలవండి, అప్పుడు రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ-సీసీపీ అనే రక్తపరీక్షలు చేయిస్తారు. ఆ లక్షణాలేవీ లేనంతవరకు మీరు ఏ టెస్టూ చేయించుకోనక్కర్లేదు.